ఉద్దానంలో రెండో చెంబు

మేము తిరిగివచ్చి పన్నెండు రోజులైంది. నా చీరల మడతల్లోంచి ఇంకా ఇసుక రాలుతూనే ఉంది. పారబోయడానికి మనసొప్పక గుప్పెడు ఇసుక చిన్న గిన్నెలో పోసి దేవుడి గూట్లో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే ప్రయాణమంతా చెప్పాలి. గోదావరి గట్టు విడిచి ఉత్తరానికి ఎన్నడూ వెళ్ళని నావంటి ఆడవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బడికి పోయినదాన్ని కాను. నాన్నగారు వంటింటి గడప మీద కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నావి. ఆయన పుణ్యమా అని ఈ నాలుగు మాటలూ రాయగలుగుతున్నాను.

ఆ నాన్నగారే నౌపడ ఉప్పు కొటార్లలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా అక్కను పలాస దగ్గర ఉద్దానంలో ఒక భూవసతి గల ఇంట ఇచ్చారు. నేనప్పుడు రాజమహేంద్రవరంలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాను. ఆ వైపు చూడనేలేదు. అక్క చిన్నవయసులోనే పోయింది. ఎనిమిదేళ్ళ కొడుకు సింహాద్రిని చదువుకోసం బావ మా ఇంట దింపాడు. పిల్లలు లేని మాకు భగవంతుడు అలా ఒక బిడ్డను ఇచ్చాడు. హైస్కూలూ కాలేజీ మా ఇంటినుంచే చదివాడు. మూడేళ్ళ కిందట ఉత్తరదేశంలో ఒక విశ్వవిద్యాలయంలో విద్యుచ్ఛక్తి ఇంజనీరింగులో చేరాడు. నాలుగేళ్ళ చదువు. ఇంకొక్క ఏడు మిగిలింది.

వేసవి సెలవులకు నాయనమ్మ దగ్గరికి వెళ్ళినవాడి దగ్గరనుంచి జ్యేష్ఠమాసం చివర ఉత్తరం వచ్చింది. "పిన్నీ, నాయనమ్మ నన్ను ఇక ఆ చదువుకు వెళ్ళవద్దంటోంది. కారణం చెప్పదు. అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఆషాఢం మొదటి వారంలో కాలేజీ తెరుస్తారు. ఆ లోపల చేరకపోతే పేరు కొట్టేస్తారు. నువ్వొకసారి రాగలవా?"

మావారు ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "మీ అక్క అత్తగారిని ఒప్పించడానికి నువ్వు వెడుతున్నావు. నేను సామాను మొయ్యడానికి వస్తున్నాను" అన్నారు. అంతే. ప్రయాణంలో చివరిదాకా ఆయన ఆ మాట మీదే నిలబడ్డారు. అందుకు ఆయనకు నా నమస్కారం.

నౌపడ

నౌపడలో దిగేసరికి గాలిలోనే ఉప్పు తెలిసింది. పెదవి తడుపుకుంటే చాలు. టెక్కలి వెళ్ళే చిన్న రైలు మధ్యాహ్నం గాని లేదన్నారు. నాన్నగారు పనిచేసిన చోటు చూడాలని నాకు మొదటినుంచీ కోరిక. సామాను స్టేషనులో పెట్టి బయలుదేరాము.

మనకు వరిమళ్ళు ఎలాగో వాళ్ళకు ఉప్పుమళ్ళు అలాగ. గట్లు కట్టి, సముద్రపు పాయనుంచి నీళ్ళు పెట్టి, ఎండకు వదిలేస్తారు. నీరు పోయి తెల్లని పొర తేలితే చెక్కపలకలతో గట్టుకు లాగుతారు. ఆ కుప్పల మీద తాటాకు కప్పి వరసగా నిలిపి ఉంచారు. ఆ తెలుపు మీద ఎండ పడితే కళ్ళు తెరవలేము. నేను కొంగు అడ్డం పెట్టుకుని గట్టు వెంట నడుస్తూ అడుగు తప్పి మడిలోకి దిగిపోయాను. కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

"ఒలమ్మా, ఆగండాగండి! ఇంకో అడుగేత్తే మిమ్మల్నీ ఎండబెట్టీత్తాం!" అంటూ ఒకామె నవ్వుతూ వచ్చి బురదలోంచి చెప్పు పీకి ఇచ్చింది. పేరు పోలమ్మ. వయసు నాకంటె తక్కువేమోగాని కాళ్ళు నిలువునా చీలి, ఆ చీలికల్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

"మంట పుట్టదా అమ్మా?" అని అడిగాను.

"పెళ్ళైన కొత్తలోన పుట్టింది. ఇప్పుడేటి, కాళ్ళూ మడీ ఒకటైపోనాయి" అంది.

గుడిసెకు తీసుకువెళ్ళి నీళ్ళిచ్చింది. ఆ మంచినీళ్ళు కోసెడు దూరంనుంచి మోసుకొస్తారట. అది తెలిసి రెండో గ్లాసు అడగలేకపోయాను. ఆమే వంచింది. గుడిసె ముందు నాలుగు గుంజలు పాతి నడుమెత్తున చిన్న మంచె కట్టి ఉంది. దాని మీద ఒక కుండ, కుండలో పచ్చగా తులసి. ఈ ఎడారిలో అమ్మవారిని చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. చేతులు జోడించి, "ఇంత ఎత్తున పెట్టారేమమ్మా?" అన్నాను.

"కింద ఎడితే బతకదు తల్లీ. ఈ నేలంతా ఉప్పే. తులసమ్మ ఉప్పు ఓర్సుకోలేదు. వారం తిరక్కుండా ఆకు నల్లబడి ఒరిగిపోతాది. అందుకని మా కన్నోరి ఊరినుంచి తట్టతోటి మట్టి తెచ్చుకుంటాను. ఏడాదికోపాలి మారుత్తాను."

"మట్టికోసం అంత దూరమా!"

"దేవత కదమ్మా. మనమంటే ఉప్పులోన బతికీగలం. ఆ తల్లిని కూడా బతకమంటే ఎలాగ?"

వచ్చేటప్పుడు ఆమె కుప్పల వైపు చూసి గొంతు తగ్గించింది. "గుప్పెడు ఉప్పు ఇద్దునమ్మా, అదిగో, కాపలా జవాను సూత్తన్నాడు." కొండలకు కొండలు ఉప్పు ఆమె చేతులు లాగి పోసినదే. అందులో గుప్పెడు తీసి అతిథికి ఇచ్చే వీలు ఆమెకు లేదు. బదులుగా తులసి వెన్నులు నాలుగు తుంచి ఇచ్చింది, గింజ పట్టినవి. కొంగు చివర ముడి వేసుకున్నాను.

టెక్కలి

చిన్న రైలు నిజంగా చిన్నదే. కదులుతున్న పెట్టెలోంచే ఒకాయన దిగి, చుట్ట ముట్టించుకుని, పక్కనే నడుస్తూ వచ్చి మళ్ళీ ఎక్కాడు. మావారికి ఆ రైలు ఎంతో నచ్చింది. "ఇది మన ఈడుది" అన్నారు.

మా బావ టెక్కలిలో ధాన్యం, కొబ్బరి వర్తకం చేస్తాడు. ఆదివారాలు ఉద్దానం వెళ్ళివస్తాడు. అక్క పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కొట్టు వెనక గదిలో ఒక్కడే కాపురం. నన్ను చూసి తక్కెడ వదిలేసి లేచాడు.

"మా ఊళ్ళకి కాలెట్టడానికి ఇరవయ్యేళ్ళు పట్టిందేటి మరదలా?"

"మీరు పిలిస్తేగా బావా."

"గోదారోళ్ళని పిలవాలంటే ముందు అట్లు, పులిహోర, గారెలు సేయించాలి. నాకాడ సోడి అంబలే ఉన్నాది."

నిజంగా ఆ రాగి అంబలే పోశాడు, మజ్జిగా పచ్చిమిరపకాయా వేసి. మనవైపు దాన్ని కూలివాళ్ళ తిండి అంటారు. ఆ ఎండలో అది అమృతం. దానితో ఆవపెట్టిన పనసపొట్టు కూర. ఇంత పొట్టు మనకు అణా పెట్టినా రాదు. అక్కడ కాయలు ఊరికే వేలాడుతుంటాయి. తిని ఊరుకోక, మిగిలిన కాయ నేను కొడతానని కూర్చున్నాను. చేతులకు నూనె రాసుకోవాలని నాకు తెలియదు. పాలు పట్టి పది వేళ్ళూ ఒకటిగా అతుక్కుపోయాయి. బావ పడీపడీ నవ్వి, నూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, అప్పుడు చెప్పాడు సంగతి.

"పోయినేటికి ముందేడు మా పెరట్లోన పిడుగు పడింది. రెండు పాడావులు పోనాయి. కిందటి సెలవులకి సింహాద్రి వచ్చి, ఇంటి కప్పు మీద శూలంలాగ ఒకటెట్టి, రాగి పట్టీ గోడంట దించి, నేలలోన రేకు పాతినాడు. పట్టీ పట్నంనుంచి తెచ్చినాడు. రేకేదంటే మా అమ్మ తన పెళ్ళినాటి గంగాళం తీసి ఇచ్చీసింది, నరికించుకోరా అని. అంత ముద్దు మరి మనవడంటే. గోతిలోన బొగ్గొక పొర, ఉప్పొక పొర. నా సేత బస్తా ఉప్పు కొనిపించినాడు మరదలా! పెళ్ళిలో కూడా అంత ఉప్పు కొన్లేదు నేను."

"ఉప్పెందుకు బావా?"

"తడీ ఉప్పూ ఉంటే పిడుగు సుళువుగా భూమిలోకి దిగిపోతాదట. గొయ్యి తవ్వి పూడిసిన వారం అమ్మ ఊళ్ళో లేదు, సింహాసలం ఎల్లింది. వచ్చేసరికి పైన ఇసక సదును సేసీసినాం. రోజూ అక్కడ సెంబుడు నీళ్ళు పొయ్యి నాయనమ్మా అని సెప్పి ఎల్లినాడు. అప్పుడు బాగానే ఉన్నాది. ఇప్పుడేటో..."

"మరి ఎందుకు వద్దంటున్నారు?"

"నానూ అడిగినాను. 'నీకు తెలీదు, ఊరుకో' అంది. యాభయ్యేళ్ళొచ్చినా అమ్మ ఆ మాటంటే నాకు నోరు లేవదు." తక్కెడ గిన్నె తుడుస్తూ అన్నాడు: "మీ అక్కుంటే అడిగీది. అందుకే నిన్ను రమ్మని రాయమన్నది నానే."

పలాస, బండి దారి

మర్నాడు నౌపడ మీదుగానే పలాస చేరాము. స్టేషను బయట కూర్మయ్య బండి కట్టుకుని ఉన్నాడు. అక్క అత్తవారి పాలేరు. బొండాం కాణీ. మనకు అర్ధణా. మావారు ధర విని మూడు తాగారు, తరవాత దారి పొడవునా బండి ఆపించారు.

పలాస దాటి తూర్పుకు తిరిగితే నేల రంగు మారిపోతుంది. ఎర్రమట్టి పోయి ఇసుక వస్తుంది. ఇసుకంటే బీడు అనుకున్నాను. కొబ్బరి, పనస, జీడిమామిడి ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు నిలబడి ఉన్నాయి. ఎండ నేలను తాకదు. ఉద్యానమే ఉద్దానమైంది, ఆ పేరు ఊరికే రాలేదు. ఒకచోట చక్రం దిగబడింది. కొబ్బరి మట్టలు పరిచి, నేనూ ఒక చెయ్యి వేసి తోశాము. ఈ ఇసుకంతా అప్పటిదే.

"సముద్రం ఇంత దగ్గర కదా, నూతుల్లో నీళ్ళు ఉప్పగా ఉండవా?" అని అడిగాను.

"కొన్ని ఉప్ప, కొన్ని తీపి. అడుగు తేడాలోనే మారిపోతాది అమ్మా. అందుకే తవ్వకముందే మట్టి నాలిక మీద ఎట్టి సూత్తాం. నానూ సూత్తాను, నాకేటి తెలుత్తాది. మా బుగతమ్మ సూడాలి!" ఇంటి యజమానురాలిని వాళ్ళు అలా పిలుస్తారు. బుగతమ్మ అంటే మా అక్క అత్తగారే. "చుట్టూ పది ఊళ్ళోళ్ళు నుయ్యి తవ్వాలంటే మట్టి మూట కట్టుకుని ఆయమ్మ కాడికే వత్తారు. ఇలాగ నాలిక మీద ఎట్టి, కళ్ళు మూసి, ఇది సముద్రం ఉప్పు, ఇది సౌడు, ఇక్కడ తవ్వు, ఇక్కడొద్దు అని సెప్పీత్తాది. ఒక్కపాలీ తప్పలేదు."

ఉద్దానం

ఊరి పేరు రాయను. బుగతమ్మగారు వద్దన్నారు. "పేరు రాత్తే దిష్టి" అన్నారు. తోట మధ్య ఇల్లు, వెనక అరకోసు దూరాన సముద్రం. చూడకపోయినా హోరు వినిపిస్తూనే ఉంటుంది.

ఆమె వాకిట్లోకి ఎదురువచ్చి నా గడ్డం పట్టుకుని ముఖంలోకి చూశారు. "అక్క పోలికే" అన్నారు. ఆ చేతులతోనే కాళ్ళకు నీళ్ళిచ్చారు, బెల్లం ముక్క ఇచ్చారు. డెబ్బై ఏళ్ళు దాటినా నడుం వంగలేదు. నేను వచ్చిన పని తెలిసినట్టే ఉన్నారు. ఆ మాట ఎత్తే సందు మాత్రం ఇవ్వలేదు.

మధ్యాహ్నం సింహాద్రి నన్ను తోటలోకి తీసుకువెళ్ళాడు. వాడి అరచేతులు చూశాను. కాయలు కాసి ఉన్నాయి.

"ఇంజనీరింగంటే పుస్తకాలనుకున్నాను రా!"

"పుస్తకాలు సాయంత్రం పిన్నీ. మొదటి ఏడంతా పొద్దున్నుంచీ ఆకురాయితో ఇనుము రాకించారు. నలుచదరంగా ఒక దిమ్మ చెయ్యాలి. నేను ఆరుసార్లు పాడుచేశాను. రెండో ఏడు రాగితీగ చుట్టలు. ఒక్క చుట్టు తక్కువైతే మొత్తం విప్పాల్సిందే. మా ఆచార్యులున్నారే, నడిచే మోటారు మీద చేతి వెనకవైపు ఆనించి వేడి ఇంత అని చెబుతారు. తరవాత కొలిస్తే అంతే ఉంటుంది. నాకు నాయనమ్మే గుర్తొచ్చేది."

"ఇప్పుడు వెళ్తే?"

"ఈ ఏడు పవర్‌హౌసు వంతులు మావి. అక్కడి దీపాలన్నీ మా చేతుల మీద వెలుగుతాయి." ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం వెలిగింది. మళ్ళీ ఆరిపోయింది. "బలవంతంగా వెళ్ళిపోవచ్చు పిన్నీ. టికెట్టు కొనడానికి నాయనమ్మ సెలవు అక్కర్లేదు. కాని ఆవిడ ఏడుస్తూ ఉండగా వెళ్ళి ఆ తీగల మధ్య చెయ్యి పెట్టలేను. అక్కడ చెయ్యి వణికితే ప్రాణం మీదికి వస్తుంది."

గోడ వెంట దిగిన రాగి పట్టీ చూపించాడు. "దీంతో పిడుగును ఆపుతావా?" అన్నాను. "ఆపడం ఎవరి తరం? వచ్చినదానికి దారి చూపించడమే" అన్నాడు.

ఇంకా నాలుగు రోజులే గడువు.

తెల్లవారుతూనే నూతి దగ్గర స్నానం చేసి, అలవాటు ప్రకారం తులసమ్మకు నీళ్ళు పోద్దామని పెరడంతా చూశాను. ఇటుకలతో కట్టిన తులసి కోట ఉంది. పసుపూ కుంకుమా మరకలు ఇంకా ఉన్నాయి. లోపల మొక్క లేదు. ఇంత ఆచారం ఉన్న ఇంట్లో తులసి లేకపోవడమేమిటి? అటు గోడ పక్క రాగి పట్టీ దిగిన చోట బుగతమ్మగారు ఇసుకలో చెంబుడు నీళ్ళు పోస్తున్నారు.

"అత్తయ్యగారూ, తులసమ్మ ఏదండీ?"

చెంబు సగంలో ఆగిపోయింది. ఆమె అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకుని గోడ నీడలోకి లాగారు.

"ఎవరితోనూ అనకు. ఆ కోటలోది మా అత్త సేత్తో ఏసిన మొక్క. ఇత్తు రాలి మళ్ళీ మొలిసేది. నా కాపురమంతా దానికి నీళ్ళు పోసినాను. మా సింహాద్రి గుంటడు ఇక్కడ రోజూ నీళ్ళు పొయ్యమని సెప్పి ఎల్లినాడు. రోజూ నీళ్ళు పోసే చోటంటే తులసమ్మ చోటే కదా అమ్మీ? రెండు చోట్లెందుకని ఆ మొక్కని తెచ్చి ఇక్కడ పాతినాను. పది రోజులకి ఎండిపోనాది. మా ఆడపడుసు ఇంటినుంచి ఇంకోటి తెచ్చినాను. అదీ అంతే. మూడోది ఈడు సెలవులకి దిగే ముందురోజు పోనాది. పీకి సముద్రంలోన కలిపీసినాను, ఆడి కంట పడకుండా."

"దానికీ చదువుకీ..."

"పిడుగు ఎవరి సేతిది? దేవేంద్రుడిది. ఆ ఆయుధానికి నా మనవడు తాడు కట్టినాడు. ఆయనకి కోపం రాదేటి? ముందు మొక్కని తీసుకున్నాడు. మూడుమాట్లు సెప్పినాడు. కోడలు పోనాది, ఆడొక్కడూ..."

"ఇది సింహాద్రితో ఎందుకనలేదండీ?"

"అలాటి మాట నోటంట వత్తే నిజమైపోదేటి?"

ఇన్నాళ్ళూ ఆ భయం ఒక్కతే మోసింది ఆ తల్లి. పోలమ్మ మంచె, బావ కొన్న బస్తా, రెండూ ఒక్కసారే కళ్ళ ముందు నిలిచాయి. చెప్పబోయి ఆగాను. నేను ఉప్పు అంటే ఆమె ఓదార్పు అనుకుంటుంది. నా మాటకంటె పెద్ద సాక్షి ఆమె నోట్లోనే ఉంది.

"అత్తయ్యగారూ, కూర్మయ్య దారంతా మీ నాలిక గురించే చెప్పాడు. ఈ మట్టి ఒక్కసారి రుచి చూస్తారా?"

"తులసమ్మ పోయిన మట్టి నోట్లోన ఎట్టుకోమంటావేటి!"

"తులసమ్మ మట్టి నుదుట పెట్టుకుంటాం కదండీ. నాలిక మీద పెట్టుకుంటే అపచారమా? ముందు నేను పెట్టుకుంటాను. పాపముంటే నాకే."

జానెడు లోతు గోకి చిటికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాను. నా ముఖం చూసి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. పమిట సర్దుకుని, తులసమ్మకు చేతులెత్తి, అదే గుంటలోంచి తీసి నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ ఇంకో చిటికెడు.

"నూతి ఉప్పు కాదు" అన్నారు మెల్లిగా. "సౌడు కాదు. సముద్రం ఎక్కింది కాదు. ఇది కొటారు ఉప్పు." కళ్ళు తెరిచారు. "ఒరే సింహాద్రీ!"

వాడు పందుంపుల్లతోనే పరుగెత్తుకొచ్చాడు. వెనకాల మావారూ, కూర్మయ్యా.

"ఈ గోతిలోన ఏటెట్టినావురా?"

"రాగి రేకు నాయనమ్మా. నీ గంగాళం..."

"దాని మీద?"

"బొగ్గు. ఉప్పు. బస్తాడు."

"బస్తాడు! నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వు సింహాచలంలో ఉన్నావు కదా."

"నీళ్ళు పొయ్యమని సెప్పడానికి నోరుందిగాని, ఉప్పెట్టినానని సెప్పడానికి లేదేటి? నా సేత మూడు తులసమ్మల్ని ఉప్పులోన పాతించినావు కదరా! ఏడాదినుంచీ నాకు కంటిమీద కునుకు లేదు!"

వాడికి అప్పుడు తెలిసింది. పుల్ల కింద పడింది. అక్కడే ఇసుకలో కూలబడి నాయనమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పు నాదే నాయనమ్మా. చెయ్యమన్నాను, ఎందుకో చెప్పలేదు. పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తారు."

"ఎయ్యాల్సిందే" అన్నారామె. కాని వాడి తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. తరవాత నావైపు తిరిగి, "మరి దేవేంద్రుడికి కోపం లేదంటావా?" అని అడిగారు, చిన్నపిల్ల అడిగినట్టు.

"నాకు శాస్త్రం తెలియదండీ. వచ్చేవారు ఎలాగూ వస్తారు. వచ్చినవారికి దారి చూపించి కాళ్ళకు నీళ్ళివ్వడం మన ఇళ్ళల్లో ఉన్నదే. నిన్న నాకూ ఇచ్చారు కదా."

ఆమె చేతిలో చెంబు వైపు చూసుకున్నారు. పెదవుల మీది మట్టి తుడుచుకున్నారు. "సరే లేరా. నీ ఉప్పు తిన్నానిప్పుడు. తిన్న ఉప్పుకి ద్రోహం సెయ్యకూడదు. ఎల్లు, నీ సదువు సదుంకో."

కూర్మయ్య అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. మావారు ఇసుక గుంటను బహు శ్రద్ధగా పరిశీలించారు.

ఆ పూటే పాత కోటలో మట్టి మార్పించారు. మూడు చోట్లనుంచి తెప్పించి, మూడూ రుచి చూసి, ఒకటి ఏరారు. నేను కొంగు ముడి విప్పి పోలమ్మ ఇచ్చిన వెన్నులు తీశాను. ఎక్కడివో చెప్పాను. "ఉప్పుమళ్ళోలు తులసిని మంచె కట్టి పెంచుతున్నారేటి!" అని ఆశ్చర్యపోయి, వెన్నులు కళ్ళకద్దుకుని, నలిపి చల్లారు.

మర్నాడు పొద్దున్న చూస్తే ఆమె చేతిలో రెండు చెంబులున్నాయి. ఒకటి కోటలో ఇంకా మొలవని గింజల మీద పోశారు. రెండోది గోడ పక్కకు తీసుకువెళ్ళారు.

"రెండు చోట్లా నేను పోస్తానులెండి, ఉన్నన్నాళ్ళు" అన్నాను.

"తులసమ్మకి నువ్వు పొయ్యి. ఇది మాత్రం ఇవ్వను. ఇది ఆడి సదువుకి" అన్నారు.

తిరుగుదారి

పలాస దాకా ఆమె కూడా బండిలో వచ్చారు. సింహాద్రి రైలు ముందు వచ్చింది. కొబ్బరి ఉండల డబ్బా కిటికీలోంచి అందిస్తూ, "దీపాలు ఎలిగించినప్పుడు ఒకటి నా పేరున ఎలిగించు" అన్నారు. రైలు మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. కన్నీరు పెట్టుకోలేదు. నా కళ్ళు మాత్రం నా మాట వినలేదు. అక్క చూడవలసిన దృశ్యం నేను చూశాను. ఆ భాగ్యానికి ఎవరికి ఎంత ఋణపడ్డానో లెక్క తెలియదు.

మా రైలు నౌపడలో రెండు నిమిషాలు ఆగింది. దిగి పోలమ్మకు చెప్పి రావాలని ఎంత ఉందో. కిటికీలోంచి దూరాన తెల్లని కుప్పలూ, వాటి మధ్య వంగి లేస్తున్న మనుషులూ కనిపించారు. ఎవరు ఎవరో తెలియదు. అందరికీ కలిపి దణ్ణం పెట్టాను. ఎదురుగా కూర్చున్న ఆమె, "అక్కడ గుడుందా అండీ?" అని అడిగింది. ఉందన్నాను.

నిన్న బావ దగ్గరనుంచి కార్డు వచ్చింది. సింహాద్రి సమయానికి చేరాడట. కోటలో గింజలు మొలిచాయట, గోరంత ఎత్తు. వానలు పట్టాయి. చివర ఇలా రాశాడు: "వాన పడతన్నా అమ్మ రెండో చెంబు మానలేదు. ఉరిమినప్పుడల్లా లోపలికి పరుగెత్తే మనిషి ఇప్పుడు అరుగు మీదికొచ్చి కూర్చుంటన్నాది. ఆకాశంకేసి సూసి, 'వత్తే రా బాబూ, మా గుంటడు దారేసి ఉంచినాడు, నీళ్ళు కూడా ఎట్టినాను' అంటన్నాది."